తీసేసిన నాలుగు లైన్లు

మార్చి 3, సోమవారం

మా టీమ్ లీడ్ నేను కోడ్ రాసిన ఫంక్షన్‌ను తనదని డైరెక్టర్‌కు చూపించాడు. పక్కనే కూర్చున్నాను. నా పేరు ఎత్తితే ఒట్టు. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు.

కంటి ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్లు బుక్ చేసే ఫంక్షన్ అది. పేషెంటు వివరాలు, ఏ డాక్టరు, ఏ పూట లాంటి ఆప్షన్స్, బుకింగ్ తేలాక నడిచే రెండు కాల్‌బ్యాక్‌లు ఇదే వరసలో ఇవ్వాలి. బుకింగ్ అయితే మొదటి కాల్‌బ్యాక్ ఖాయమైంది రమ్మని మెసేజ్ పంపుతుంది. కాకపోతే రెండోది రద్దయింది రావద్దంటుంది. ఆప్షన్స్ ఇవ్వకపోయినా నడవాలి. అందుకే పైన నాలుగు లైన్లు రాశాను. ఆప్షన్స్ చోట కాల్‌బ్యాక్ వచ్చి కూర్చుంటే లేపి దాని చోటుకు పంపడమే వాటి పని.

మార్చి 6

ఆ నాలుగు లైన్లూ చెత్తట. తీసేసి, సరిచూసి అప్రూవ్ చెయ్యమని నాకే పంపాడు!

చూడగానే అర్థమైంది. ఇక ఆప్షన్స్ ఇవ్వకపోతే అన్నీ ఒక్కో చోటు ముందుకు జరుగుతాయి. రద్దు మెసేజ్ ఖాయం సీట్లోకొస్తుంది. బుకింగ్ సజావుగా అయిన ప్రతివాళ్ళకూ రావద్దని వెళ్తుంది. డెమోలో డైరెక్టర్ ముందు వాడి పరువు గంగలో కలుస్తుంది. చెప్పొచ్చు. ఎందుకు చెప్పాలి? అప్రూవ్ నొక్కాను. మూడు రోజులకు ఆకలేసింది.

మార్చి 10

డెమోలో ప్రతిసారీ ఆప్షన్స్ నింపాడు. అంతా పనిచేసింది. చప్పట్లు. నేనూ కొట్టాను.

మార్చి 11, ఉదయం

ఇవాళే ఆసుపత్రిలో లైవ్. అక్కకు ఫోన్లో చెప్పి తప్పు చేశాను. పేషెంట్లు నిన్నేం చేశారే అని పోరు పెట్టింది. గంటలో ఫిర్యాదులొస్తాయి, వాడి మొహం మాడగానే సరిచేస్తాను అన్నాను.

మార్చి 14

ఫిర్యాదులు రాలేదు. రావద్దంటే మనుషులు రారు, అంతే.

ఖాళీ కుర్చీలు చూసి చివరికి ఆసుపత్రివాళ్ళే అడిగారు. ఫోన్ బుకింగ్ కౌంటర్లో ఆప్షన్స్ నింపే తీరిక ఎవరికీ లేదట. డైరెక్టర్ గదిలో లీడ్ నీళ్ళు నమిలాడు. కోడ్ మీద తన పేరే ఉంది మరి. గాజు తలుపు బయట నిలబడి తనివితీరా చూశాను. అప్రూవ్ చేసిందెవరని ఒక్కరూ అడగలేదు. నాలుగు లైన్లూ తిరిగి పెట్టాను. సాయంత్రానికి లీడ్ నేనే.

మార్చి 17

తప్పు మెసేజ్ వెళ్ళినవాళ్ళకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పడం కొత్త లీడ్ పనట. మొదటి నంబరు ఒక పెద్దావిడది. రెటీనా ఊడుతోందని డాక్టరు అర్జంటుగా రమ్మన్న మనిషి.

"పోనీలేమ్మా, నువ్వేం చేస్తావు. రావద్దన్నారు కదా అని ఇంట్లోనే ఉండిపోయాను. ఆ కన్ను పోయింది. ఇంకోటుందిగా."