ఎడమవైపు దీపం

భవానీపురం,
జూన్ 4.

గవర్నర్‌పేటలో 'చుక్కల దారి' ఆట తయారుచేసే ఆఫీసు వారికి,

అయ్యలకు వందనాలు. నా పేరు ఆమోసు. ఇబ్రహీంపట్నం రేవులో ముప్పై ఒక్క సంవత్సరాలు లాంచీ నడిపి రిటైరయ్యాను. ఏప్రిల్‌లో మోకాలికి ఆపరేషన్ అయింది. కదలకుండా కూర్చోమన్నారు డాక్టరు గారు. ఊరికే కూర్చోలేనని తెలిసి మా అల్లుడు జాన్ పాల్ టీవీకి మీ ఆట తగిలించి, రెండు చేతులతో పట్టుకునే మీట ఒకటి ఇచ్చాడు.

మీ ఆట చాలా బాగుంది. ఏరు ఉంది గానీ నీళ్ళు లేవు. ఇంజను ఉంది గానీ మోత లేదు. మొన్న వలయాల గ్రహం పక్కనుంచి పోతుంటే మా హాలు గోడలన్నీ నారింజ రంగులోకి తిరిగాయి. మా అమ్మాయి హెలెన్ బెండకాయలు తరగడం ఆపి నిలబడిపోయింది.

సంగతేమిటంటే, ఆటలో రేవు దాటగానే ఎడమవైపు, చాలా దూరాన, చిన్న తెల్లదీపం కనపడింది. పడవ ముక్కు దానివైపు తిప్పి పన్నెండు రోజులైంది. టీవీ కట్టేసినా పడవ నడుస్తూనే ఉంటుందని అల్లుడు చెప్పాడు. అయినా దీపం మొదటిరోజు ఎంత ఉందో ఇవాళా అంతే ఉంది. అక్కడికి చేరడానికి ఇంకా ఎన్నాళ్ళు పడుతుందో తెలియజేయగలరు.

మీ జవాబు కోసం కాలు చాపుకుని కూర్చున్న,
ఆమోసు

తా.క. డీజిలు ముల్లు ఎంత వెతికినా కనపడలేదు. అయిపోతే ఎవరికి చెప్పాలి?

*

గవర్నర్‌పేట,
జూన్ 9.

ఆమోసు గారికి నమస్కారం.

మీ ఫిర్యాదు అందింది. అసౌకర్యానికి చింతిస్తున్నాము. ఆటను ఒకసారి ఆపి, మళ్ళీ పెట్టి చూడగలరు.

మీకు కనపడే చుక్కలు ఆకాశానికి అతికించిన బొమ్మ మాత్రమే. వాటి దగ్గరికి ఎవరూ వెళ్ళలేరు. గ్రహాల దగ్గరికైతే వెళ్ళవచ్చు. గ్రహం వైపు ముక్కు తిప్పి పసుపు మీట నొక్కితే పడవ దానంతటదే తీసుకెళుతుంది. మీరు నడపనక్కరలేదు.

సదా మీ సేవలో,
శ్రీదుర్గ
(ఫిర్యాదులు, ఫోన్లు, ఇతరములు)

తా.క. డీజిలు అవసరం లేదండి. మా ఆఫీసుకు పోస్టులో ఉత్తరం రావడం ఇదే మొదలు. ఉన్న ముగ్గురమూ చుట్టూ చేరి చూశాము.

*

భవానీపురం,
జూన్ 13.

శ్రీదుర్గమ్మకు ఆమోసు వందనాలు.

నేను ఫిర్యాదు చేయలేదమ్మా. దారి అడిగాను. దానంతటదే పోయే పడవలో నన్ను కూర్చోమన్నారు. ఆ మాట చదివి పూటంతా మీట ముట్టుకోలేదు.

ఏది బొమ్మో, ఏది దీపమో నాకు తెలుసు. సందె వేళ ఏటి మధ్యలో లాంచీని అడ్డంగా పోనిచ్చి చూడండి. థర్మల్ కరెంటు స్టేషను పొగగొట్టాల మీద ఎర్రదీపాలు జరుగుతాయి. వాటి వెనక కొండపల్లి కొండ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దగ్గరిది జరుగుతుంది, దూరానిది జరగదు. మొన్న మీ ఆకాశంలో రెండు రోజులు అడ్డంగా పోయాను. చుక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ తెల్లదీపం మాత్రం వాటి మధ్య నుంచి కుడికి జరిగింది. కాబట్టి అది చుక్క కాదు. ఎంత తరిమినా పెరగకుండా, తరగకుండా ఉందంటే నాలాగే అది కూడా పోతోందన్నమాట. అది పడవ. అందులో ఎవరో ఉన్నారు.

ఇంత పట్టింపు ఎందుకో కూడా చెబుతాను. చాలా ఏళ్ళ కిందట, చివరి ట్రిప్పు తిప్పుకొస్తుంటే దిగువన ఒక దీపం కనపడింది. చేపలవాళ్ళదిలే అనుకుని ఇంటికి పోయాను. అది ఇంజను చెడిపోయి కొట్టుకుపోతున్న పడవ. ఆరుగురున్నారు. లంకలో ఇసుక మేటకు తగిలి ఆగారు. తెల్లారాక నేనే వెళ్ళి ఎక్కించుకొచ్చాను. అందరూ క్షేమమే. అందులో ఒకావిడ తడి చీర పిండుకుంటూ, "మా దీపం నీకు కనపడలేదా అన్నా?" అని అడిగింది. "కనపడిందమ్మా" అన్నాను. ఆవిడ మళ్ళీ చీర పిండుకోసాగింది. తిట్టినా బాగుండేది.

అందుకని ఈ దీపం సంగతి తేలేదాకా నేను వెనక్కి తిరగను.

మోకాలు వంగుతోందని సంతోషంగా తెలియజేసుకుంటూ,
ఆమోసు

తా.క. ప్రసంగం మధ్యలో నిద్రపోయే మనిషి దీనికి మాత్రం రెప్ప వేయడం లేదని హెలెన్ పాస్టరు గారితో చెప్పింది. ఆయన రేపు ఆట చూడడానికి వస్తున్నారు.

*

గవర్నర్‌పేట,
జూన్ 17.

ఆమోసు గారికి,

మీ ఉత్తరం ఆట రాసిన సిద్ధార్థ గారికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, తలుపు వేసుకుని, మీరు ఇంతకుముందు ఏ కంపెనీలో చేశారో కనుక్కోమన్నారు. అడ్డంగా జరిగి దూరం కనిపెట్టడం మామూలు మనిషికి తట్టదట. మిమ్మల్ని మా పోటీవాళ్ళు పంపి ఉంటారని ఆయన అనుమానం. దయచేసి ఏమీ అనుకోవద్దు.

చెప్పడానికి కష్టంగా ఉన్న మాట ఇంకొకటుంది. ఈ నెల 30 సాయంత్రం అయిదింటికి మా సర్వర్‌ని తీసేస్తున్నాం. రెండేళ్ళుగా పగలూ రాత్రీ ఒక్క క్షణం ఆగకుండా పనిచేసింది. పాపం, ఈమధ్య బాగా వేడెక్కిపోతోంది. వచ్చేవాళ్ళు లేనప్పుడు దాన్ని పెట్టుకుని ఏం చేస్తామన్నారు మా ఓనరు గారు. ఆ తర్వాత మీ పడవ, వలయాల గ్రహం, ఏవీ ఉండవు.

విచారంతో,
శ్రీదుర్గ

తా.క. పాస్టరు గారు ఏమన్నారు?

*

భవానీపురం,
జూన్ 20.

అమ్మా శ్రీదుర్గా,

నేను చేసింది ఒక్క కంపెనీలోనే. దాని ఆఫీసు కింద ఎప్పుడూ నీళ్ళుండేవి. ఆ మాట సిద్ధార్థ గారికి చెప్పు.

అసలు మాటకొస్తాను. ఒక ఆడపిల్లను రెండేళ్ళు పగలూ రాత్రీ నిలబెట్టి పనిచేయించుకుని, ఒళ్ళు వేడెక్కిందని తీసేస్తారా? ముందు డాక్టరుకు చూపించారా? ఆటల ఆఫీసులో సర్వర్ ఎందుకో నాకు తెలియదు. మీ ముగ్గురికీ టీలు, టిఫిన్లు అందిస్తుంది కాబోలు. మా సంఘంలో అమలమ్మ గారికి ఇక్కడే టిఫిన్ సెంటరుంది. మంచి మనిషి. ఆ పిల్లను పంపండి. జ్వరం తగ్గాకే పనిలో చేరమంటుంది.

ఆ అమ్మాయి మానేస్తే ఆకాశం ఎందుకు మూసేయాలో మాత్రం నాకు బోధపడలేదు. మీ టీ మీరు పెట్టుకోలేరా?

కోపం తగ్గించుకుంటూ,
ఆమోసు

తా.క. పాస్టరు గారు మీట తీసుకుని గంటన్నర ఇవ్వలేదు. ఆదివారం ప్రసంగం పావుగంటలో ముగించేశారు. సంఘమంతా మీకు వందనాలు చెప్పమంది.

*

గవర్నర్‌పేట,
జూన్ 23.

ఆమోసు గారూ,

సర్వర్ అంటే అమ్మాయి కాదండి. పెద్ద కంప్యూటరు. మీ ఆకాశమంతా దానిలోపలే ఉంటుంది. మీ ఉత్తరం పైకి చదువుతుంటే సిద్ధార్థ గారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. ఆయన నవ్వడం చూసి రెండు నెలలైంది. తుడుచుకోవడం మాత్రం కొంచెం ఎక్కువసేపే చేశారు. ఆ గ్రహం చుట్టూ వలయాలు గీయడానికి ఆయనకు ఒక చలికాలమంతా పట్టిందట.

తర్వాత లేచి వెళ్ళి లెక్క చూశారు. మీరన్నది నిజమే. ఆ ఆకాశంలో మీరు కాక ఇంకొకరున్నారు. ఎవరో చెప్పడానికి మా రూల్సు ఒప్పుకోవు. ఉన్నారని మాత్రం చెప్పగలను. ముప్పయ్యో తారీఖు మార్చడానికి మాత్రం వీలు కాలేదు. అడిగి చూశాను.

నేను ఇక్కడ చేరి ఏడాదిన్నర అయినా ఆట ఎప్పుడూ ఆడలేదు. నిన్న భోజనాల వేళ పెట్టి చూశాను. పడవ రేవు గోడకు గుద్దుకుంది. అయినా ఆ నిశ్శబ్దం బాగుంది.

త్వరగా చేరుకోవాలని కోరుకుంటూ,
శ్రీదుర్గ

తా.క. అమలమ్మ గారి టిఫిన్ సెంటరు అడ్రసు సిద్ధార్థ గారు అడుగుతున్నారు. తన కోసమట.

*

భవానీపురం,
జూన్ 27.

అమ్మా శ్రీదుర్గా,

దీపం దొరికింది.

నీ ఉత్తరం వచ్చాక చాలాసేపు ఆలోచించాను. ఆ పడవదీ నాదీ ఒకటే వేగం. తరిమితే ఏనాటికీ చేరను. అందుకని శుక్రవారం పొద్దున ఇంజను ఆపేశాను. దీపం చిన్నదవుతూ, చిన్నదవుతూ ఆవగింజంత అయింది. ఇక పోయిందనుకున్నాను. హెలెన్ టీ తెచ్చి పక్కన కూర్చుంది.

టీ చల్లారేసరికి ఆవగింజ మినపగింజంత అయింది. అలా పెరుగుతూనే ఉంది. మధ్యాహ్నానికి నాలాంటి పడవే ఒకటి వచ్చి, నా పక్కన, అంత ఆకాశంలో, ఇంటి ముందు రిక్షా ఆగినట్టు ఆగింది. మాటలు రాసి పంపే వీలుందని అల్లుడు చూపించాడు. ఒక్కో అక్షరం వెతుక్కుని, "ఏమైనా ఇబ్బందిలో ఉన్నారా అండీ?" అని రాశాను.

జవాబు వచ్చింది. "నాకేం ఇబ్బంది? నెలరోజులుగా నా వెనకపడింది మీరు! ఎంత పారిపోయినా వదలరే! ఇవాళ ఉన్నట్టుండి మీ దీపం ఆగిపోయింది. మీకేమైనా అయిందేమోనని వెనక్కి వచ్చాను."

ఆవిడ పేరు మాణిక్యమ్మ. ఊరు అవనిగడ్డ. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. భయపడి నెలరోజులు పారిపోయిన మనిషి, నా దీపం ఆగితే ఒక్క పూట ఉండలేకపోయారు. అది చదివాక నాకు కాసేపు తెర మసకగా కనపడింది. టీవీ చెడిందేమోనని అల్లుడు వైర్లు కదిపాడు.

మూసేస్తే మూసేయండి, అమ్మా. ఇద్దరం ఇంజన్లు ఆపుకుని ఇక్కడే ఉన్నాం. కింద నీలం రంగు గ్రహం ఒకటి మెల్లగా తిరుగుతోంది. దాని మీద ఎక్కడో వాన పడుతోంది. సిద్ధార్థ గారికి చెప్పు, వాన కూడా బాగా గీశారు.

నిండు మనసుతో,
ఆమోసు

తా.క. పొద్దుటి నుంచి రేవు వైపున ఇంకో చిన్న దీపం కనపడుతోంది. వంకరటింకరగా వస్తోంది. నడిపేవాళ్ళకు చుక్కాని కొత్తని తెలుస్తూనే ఉంది. అది నువ్వే అయితే, దగ్గరికొచ్చాక వేగం తగ్గించమ్మా. మాణిక్యమ్మ గారు ముందే టికెట్ అడుగుతానంటున్నారు.