ఒక శనగ ఎక్కువ

సీఫ్,
జనవరి 7

బావా,

ముందుగా నా రాత చూసి నవ్వకు. ఐదో తరగతిలో బడి మానేసినదాన్ని. పాస్‌పోర్టు కాయితాల మీద సంతకం పెట్టాక మళ్ళీ పెన్ను పట్టుకోవడం ఇదే. ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియని చోట వదిలేశాను, నువ్వే పెట్టుకుని చదువుకో.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. నువ్వు ఫోను ఎత్తగానే వెనకాల నుంచి ఎవరో ఒకరు "వదినా, ఇవాళ కూరేంటి?" అని అరుస్తారు. సిత్రా లేబరు క్యాంపులో మీ గదిలో ఎనిమిది మంది. నేను చెప్పాల్సింది అన్ని చెవుల్లో పడే సంగతి కాదు. అందుకే లాండ్రీ వ్యాను నడిపే పేరయ్య బాబాయి చేత పంపుతున్నాను. చదివి కాల్చెయ్యి. మరిచిపోకు.

ఇవాళ మా సారు, మేడం ఒక పండగ చేసుకున్నారు. ఈ అరబ్బు దేశానికొచ్చి, ఈ ఇంట్లో పనికి చేరి ఎనిమిది నెలలైనా ఈ జపాను వాళ్ళ పండగలు నాకింకా అంతుపట్టలేదు. చుట్టాలు రారు, కొత్త బట్టలు కట్టరు. చందమామ బాగా కనపడితే బాల్కనీలో కూర్చుని పిండి ఉండలు తింటారు, అదొక పండగ. పగలు బాగా కురచైపోయిన రోజు గుమ్మడికాయ ఉడకేసుకుంటారు, అదొకటి. కొడుకు వాళ్ళ దేశంలో చదువుకుంటున్నాడు. ఇక్కడ ఉన్నది ఇద్దరే. అయినా ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, గిన్నె మీద మూత తీసే ముందు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. అది చూస్తే నాకెందుకో సిగ్గేసి వంటింట్లోకి వచ్చేస్తాను.

ఇవాళ్టిది ఏడు ఆకుల జావ. కొత్త సంవత్సరం వచ్చిన ఏడో రోజు ఏడు రకాల ఆకులు వేసి జావ కాచుకుంటే ఏడాదంతా రోగం రాదట. వాళ్ళ ఆకులు ఇక్కడ దొరకవు. ఏవైనా ఏడు తెమ్మని మేడం నన్ను పంపింది. కొత్తిమీర, మెంతికూర, పాలకూర, ఉల్లికాడలు, ముల్లంగి ఆకు, అరబ్బులు తినే జర్జీరు దొరికాయి. ఏడోది దొరక్క చాలాసేపు తిరిగి, చివరికి మా బిల్డింగు వెనకున్న మునగచెట్టు రెమ్మ విరిచి తెచ్చాను. మేడం ఏడూ వరసగా పేర్చి, లెక్కపెట్టి చప్పట్లు కొట్టింది. నాకూ ఒక గిన్నె పోసింది. ఉప్పు తప్ప ఏమీ లేని జావ బావా. మూడు రోజులుగా నా కడుపులో నిలిచింది అదొక్కటే.

ఇప్పటికి అర్థమై ఉంటుంది. నాకు రెండో నెల. నవంబరులో మన ఊరి సత్యకుమారి అక్క డ్యూటీకి వెళ్తూ తన గది తాళం మనకిచ్చిన శుక్రవారం అది. పెళ్ళయిన కొత్తలోనే పిల్లలకి రెండేళ్ళు ఆగుదామని నువ్వన్నావు, నేను తలూపాను. ఇప్పుడేమో ఇలా అయింది. ఈ ఇంట్లో తెలిస్తే పంపించేస్తారని భయంగా ఉంది. కింది అంతస్తులో పనిచేసే అమ్మాయిని ఇలాగే వారం తిరక్కుండా విమానం ఎక్కించేశారు. పొద్దున కక్కుకున్నప్పుడల్లా కుళాయి పెద్దగా తిప్పి వదులుతున్నాను, చప్పుడు వినపడకుండా.

ఏం చెయ్యమంటావో చెప్పు. నువ్వెలా అంటే అలా.

ఇది కాల్చెయ్యి బావా.

నీ జవాబు కోసం చూస్తూ,
వీరలక్ష్మి

*

సీఫ్,
ఫిబ్రవరి 4

బావా,

నీ ఫోను తర్వాత పదిహేను రోజులు నేనే మాట్లాడలేదు. కోపం కాదు. ఏమనాలో తెలియలేదు.

నీళ్ళ ట్యాంకు వెనక నుంచి మాట్లాడుతున్నానన్నావు. "ఇప్పుడొద్దు లక్ష్మీ. సత్యకుమారక్కకి అన్నీ తెల్సు. ఆవిడ చెప్పినట్టు చెయ్యి, భయపడకు" అని, డ్యూటీ బస్సు వచ్చేసిందని పెట్టేశావు. నేను "ఊఁ" అన్నాను. చిన్నప్పటి నుంచి ఎవరు ఏం చెప్పినా నా నోట్లోంచి వచ్చేది అదే. ఆ తర్వాత వంటింట్లో నిలబడి, ఎందుకన్నానా అని ఏడ్చాను.

అక్క మాత్రలు తెచ్చిచ్చింది. "కడుపునొప్పని రెండ్రోజులు పడుకోవే. ఆ మేడానికేం తెలుత్తాది? నేనెంతమందిని చూళ్ళేదు!" అంది. అవి దిండు గలీబులో పెట్టుకున్నాను. రోజూ తలకింద అవి గరగరమంటుంటే నిద్ర పట్టదు. రేపు వేసుకుంటాననుకుంటాను. తెల్లారితే ఇంకో రోజనుకుంటాను.

నిన్న ఇంకో పండగ వచ్చింది. చలి వెళ్ళి కొత్త రుతువు వచ్చే రోజు ఇంట్లోంచి దెయ్యాన్ని తరిమేస్తారు. దెయ్యం ఎవరంటే మా సారే. ఆఫీసు నుంచి రాగానే కాగితం కొమ్ములు, కాగితం కోరలు పెట్టుకుని తలుపు దగ్గర గుర్రుమన్నాడు. యాభై ఏళ్ళ మనిషి! మేడం గుప్పిళ్ళతో వేయించిన శనగలు విసిరింది. వాళ్ళ గింజలు దొరక్క బజారు నుంచి శనగలే తెప్పించింది. సారు అరుస్తూ బాల్కనీలోకి పరిగెత్తి, అద్దం తలుపు వెనక నుంచి దణ్ణాలు పెట్టాడు. నాకు నవ్వు ఆగలేదు. ఎన్ని రోజులైందో నవ్వి.

ఆ తర్వాత ఎవరి వయసుకి తగ్గట్టు వాళ్ళు అన్ని గింజలు తినాలట. మేడం నా వయసు అడిగింది. ట్వంటీ టూ అన్నాను. ఒక్కొక్కటే లెక్కపెట్టి చిన్న గిన్నెలో వేసి ఇచ్చింది. నేనూ కళ్ళతోనే లెక్కపెట్టాను. ఇరవై మూడు. మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై మూడే.

బావా, మేడానికి తెలిసిపోయింది. కుళాయి చప్పుడు దాచలేకపోయింది. ఒక గింజ లోపలున్న దానికోసం వేసింది. నోటితో అడగలేక ఇలా చెప్తోంది. ఇంకేం దాస్తాను? గిన్నె బల్ల మీద పెట్టేసి, "సారీ మేడం. బేబీ. త్రీ మంత్" అని ఏడ్చేశాను.

సారు కొమ్ములు తీసేశాడు. మేడం నా మొహం చూసింది, గిన్నె చూసింది. ఏదో తోచినట్టు తన గిన్నె తెచ్చి నా ముందు ఒంపి లెక్కపెట్టింది. ఆవిడ వయసు నలభై తొమ్మిది. గింజలు యాభై. "ఎవ్రీబడీ, వన్ మోర్. న్యూ ఇయర్" అంది. రాబోయే ఏడాది కోసం అందరికీ ఒకటి ఎక్కువ వేస్తారు, అంతే. ఆవిడకి ఏమీ తెలియదు. నన్ను నేనే పట్టిచ్చేసుకున్నాను.

ఇద్దరూ వాళ్ళ భాషలో చాలాసేపు మెల్లగా మాట్లాడుకున్నారు. నవ్వడం లేదు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. చివరికి మేడం లేచి వచ్చి, సంచిలోంచి ఇంకో శనగ తీసి నా గిన్నెలో వేసింది. "ఈట్" అంది. సంతోషంతోనో, జాలితోనో నాకు తెలియలేదు. ఇరవై నాలుగూ తిన్నాను. సారు మాత్రం శుక్రవారం మధ్యాహ్నం నీ భర్తని తీసుకురా అన్నాడు.

టికెట్టు ఇవ్వడానికేనేమో. బావా, తప్పకుండా రా. తెల్లచొక్కా వేసుకో. మాత్రలు ఇంకా వేసుకోలేదు. వేసుకోనని చెప్పడానికీ ధైర్యం చాలడం లేదు.

చదివాక కాల్చెయ్యి.

వీరలక్ష్మి

*

సీఫ్,
ఫిబ్రవరి 8

బావా,

ఈ ఉత్తరాన్ని నువ్వు ఎవరికీ కనపడకుండా దాచక్కర్లేదు. మీ గదిలో ఎవరు చదివినా చదవనీ. నేను తప్పేం చెయ్యలేదు.

మొన్న శుక్రవారం భోజనానికొచ్చి నువ్వు కుర్చీ చివర కూర్చున్నావు. సారు నీ కంచంలో వడ్డిస్తుంటే లేచి నిలబడబోయావు. నీ అవస్థ నాకు తెలుసు. బల్ల పక్కన పెట్టిన రాజు, రాణి బొమ్మల్ని చూసి దేవుళ్ళనుకుని దణ్ణం కూడా పెట్టావు. అవి వచ్చే నెల ఆడపిల్లల పండగ కోసం. చలి వెళ్ళగానే బైట పెడతారు. నువ్వు తిన్న ఎర్ర అన్నం సంగతి నీకు ఎవరూ చెప్పలేదు. ఎర్ర గింజలతో వండే ఆ అన్నం మామూలు రోజుల్లో వండరు. ఇంట్లో శుభం జరిగితే వండుతారు. పొద్దున మేడం గింజలు నానబోస్తూ నా కడుపు వైపు చూపించింది. దాంతో, వీళ్ళు నన్ను పంపించరని నాకు అర్థమైంది. నీకు చెప్దామనుకునేలోపే నువ్వు మొదలుపెట్టావు.

"నో ప్రాబ్లం సార్. షీ గో. అనదర్ గర్ల్ కమింగ్. గుడ్ గర్ల్ సార్, మై బ్రదర్ వైఫ్ సిస్టర్!"

ఆ అమ్మాయి లక్ష్మిప్రసన్నతో అప్పటికే మాట్లాడేశావని నాకు అప్పుడే తెలిసింది. ఉద్యోగం మన చేతుల్లోంచి పోకూడదనుకున్నావు. భయంతోనే అన్నావని ఇప్పుడు తెలుస్తోంది. కానీ ఆ మాట వింటున్నప్పుడు మాత్రం, పగిలిన గిన్నె తీసేసి ఇంకోటి పెట్టినట్టు అనిపించింది బావా. మాత్రలకంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

సారు అన్నం తినే పుల్లలు కింద పెట్టేశాడు. మేడం నా వైపు తిరిగి "యూ? వాట్ యూ వాంట్?" అని అడిగింది. నన్ను అలా అడిగినవాళ్ళు ఇంతవరకు లేరు. మా అమ్మ అడగలేదు, నువ్వూ అడగలేదు. నువ్వు బల్ల కింద నుంచి కాలితో తట్టావు. నేను కాలు వెనక్కి తీసుకున్నాను.

"ఐ స్టే. బేబీ ఆల్సో స్టే. సిక్స్ మంత్ వర్క్. దెన్ మదర్ హౌస్. దెన్ కం బ్యాక్."

అంతే అన్నాను. వచ్చిన ఇంగ్లీషంతా అయిపోయింది. సారు మేడం వైపు చూసి తలూపాడు. ఆరో నెల వరకు ఉండొచ్చనీ, కాన్పయ్యాక మళ్ళీ రమ్మనీ, ఆ సంగతి కాయితం మీద రాసిస్తాననీ నీకు రెండుసార్లు చెప్పాడు. రెండోసారికి గానీ నీ మొహంలోకి నెత్తురు రాలేదు.

బస్సు స్టాపు దాకా నిన్ను సాగనంపడానికి వచ్చాను. నీకు ఎదురు మాట్లాడినందుకు తిడతావనుకుని నేను రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. బస్సు కనపడ్డాక, "అన్నం తింటన్నావా?" అన్నావు. "తింటన్నాను" అన్నాను. "పులుపు తినబుద్దయితే చెప్పు, పేరయ్య బాబాయి చేత చింతకాయ పంపుతాను" అని, నా జవాబు వినకుండానే ఎక్కేశావు. కిటికీలోంచి చెయ్యి ఊపలేదు. ఊపుతావేమోనని బస్సు మలుపు తిరిగేదాకా చూశాను.

నిన్న మాత్రలు నీళ్ళలో వదిలేశాను. సత్యకుమారక్కకి ఫోను చేసి చెప్పాను కూడా. "మీ ఆయనేమంటాడే?" అంది. "ఇంకా అడగలేదక్కా" అన్నాను. అక్క ఒక్కసారిగా నవ్వి, "అమ్మో, నీకు నోరెక్కడిదే!" అంది.

భయం పోయిందని మాత్రం అనుకోకు. విమానం ఎక్కే రోజు, కాన్పు, పిల్లని అమ్మ దగ్గర వదిలి మళ్ళీ రావడం, అన్నీ తలుచుకుంటే భయమేస్తూనే ఉంది. నీకూ అలాగే ఉందని ఆ బస్సు స్టాపులో తెలిసింది. ఇద్దరం భయపడుతూనే ఉందాం. ఒకే చోట నిలబడి భయపడదాం.

వచ్చే శుక్రవారం పొద్దున పదింటికి మేడం నన్ను ఆసుపత్రికి తీసుకెళ్తోంది. తెర మీద బిడ్డ గుండె కొట్టుకోవడం చూపిస్తారట. తండ్రిని లోపలికి రానిస్తారట, అడిగి కనుక్కున్నాను. నువ్వొస్తావేమోనని గుమ్మం దగ్గర ఆగుతాను, పది దాటి ఐదు నిమిషాల వరకు. ఆ తర్వాత నేను లోపలికి వెళ్ళిపోతాను.

వీరలక్ష్మి