మీటరు ఎంతకొచ్చింది

బావకి,

నీ మరదలు రాస్తున్నది. నేనూ, మన బుజ్జీ ఇక్కడ బాగానే ఉన్నాం. నువ్వు వేళకి తింటున్నావనీ, ఆ వార్డు నర్సమ్మతో పోట్లాట పెట్టుకోవడం లేదనీ అనుకుంటున్నాను. అనుకోవడం వరకేలే, నీ సంగతి నాకు తెలీదూ?

నీ ఉత్తరం మంగళవారం అందింది. నాన్న కుడి చెయ్యి బాగానే ఉంది కదా, రాతెందుకు ఇలా వంకర్లు పోయింది అని బుజ్జి అడిగింది. "మీ నాన్న రాత పెళ్ళికి ముందు నుంచీ అంతేనే, జబ్బు మీదకి నెట్టకు" అన్నాను. పడీపడీ నవ్వింది. ఫోన్లో మాట తడబడుతోందని నువ్వు మాట్లాడనంటే మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఉత్తరాలే నయమనిపిస్తోంది. ఈ రోజు రాయబోయేది ఫోన్లో నా నోట పెగిలేది కాదు.

మూడు సంగతులు అడిగావు. షెడ్డు రేకు వేయించావా, బుజ్జికి లెక్కలు వస్తున్నాయా, బండి మీటరు ఎంతకొచ్చింది. మొదటి రెండూ ముందు చెబుతాను.

రేకు వేయించాను. మొన్న రెండు రోజులు వాన దంచికొట్టినా చుక్క కారలేదు. బుజ్జి లెక్కల సంగతి మాత్రం అడక్కు. మాస్టారు పిలిచి, "అమ్మా, మీ పిల్లకి తెలివి లేక కాదు, తీరిక లేక" అన్నారు. ఏం చేస్తోందయ్యా అంత తీరిక లేకుండా అంటే, వెనక బెంచీలో కూర్చుని బొమ్మలు గీస్తోందట. అన్నీ మన జీపు బండి బొమ్మలే. చక్రాలు పెద్దవిగా, ముందు అద్దానికి నువ్వు అంటించిన ప్లాస్టరు కూడా గీసింది. తిడదామని ఆ బొమ్మలు ఇంటికి తెచ్చాను, తిట్టలేకపోయాను. నీకో బొమ్మ ఇందులో పెట్టి పంపుతున్నాను.

బడి యూనిఫారాల పని బాగానే వస్తోంది. ఈ నెల నూట ఇరవై చొక్కాలు. కాజాలు కుట్టీ కుట్టీ వేళ్ళు మొద్దుబారిపోయాయి. కుట్టు మిషను చోటు మార్చాను. ఎక్కడికో తర్వాత చెబుతాను.

ఇక మూడోది. బావా, ఈ ఉత్తరం ఒక్కడివే ఉన్నప్పుడు చదువు. పక్క మంచం ఆయనకి వినిపించేలా చదవకు.

తలుపు వెనక మేకుకి వేలాడే ఆ నీలం పుస్తకం గుర్తుందిగా? బండి ఇంటికొచ్చిన రోజు నన్ను పిలిచి, "చూడవే, చివర్లో ఒక అంకె తప్ప అన్నీ సున్నాలే" అని మీటరు చూపించి, దాని మొదటి పేజీలో రాశావు. అప్పటినుంచీ ప్రతి శనివారం రాశావు. పందొమ్మిదేళ్ళు. లైన్‌మన్లని, కరెంటు స్తంభాల సామాన్లని, వైరు చుట్టల్ని ఆ కొండ మీదికి ఎక్కించావు, దించావు. భూమి చుట్టూ పదిసార్లు తిరిగినంత దూరం బండి నడిపినవాడివి, నన్ను ఒక్క కొత్త ఊరైనా చూపించలేదు అని నేను దెప్పేదాన్ని. నీకు ఎడమ పక్క పడిపోయి ఆసుపత్రిలో చేరాక, ఆదివారం ఆదివారం బండి తీసి బజారు దాకా తిప్పి తేవడం, మీటరు అంకె నీకు రాయడం నా పనయ్యింది.

నువ్వు నాలుగు రోజుల సెలవు మీద ఇంటికొచ్చే ముందు పెద్ద డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. "నడక వస్తుందమ్మా, కర్రతో. కానీ ఎడమ కాలికి ఇక క్లచ్ తొక్కే బలం రాదు. బండి మాట మరచిపొమ్మని మీరే మెల్లగా చెప్పండి" అన్నాడు. తలూపాను. చెప్పలేదు. రెండు నెలల్లో బండెక్కుతాను చూడు అని నువ్వు బస్సు దిగుతూనే అంటుంటే, ఏ నోటితో చెప్పను?

మూడో రోజు మధ్యాహ్నం నేను నిద్రపోతున్నాననుకుని నువ్వు షెడ్డులోకి వెళ్ళావు. నేను వంటింటి కిటికీలోంచి చూశాను బావా. తలుపు తీసి, సీటెక్కడానికే పావుగంట పట్టింది నీకు. ఎడమ కాలు క్లచ్ మీద పెట్టావు. జారిపోయింది. కుడి చేత్తో మోకాలు పట్టుకుని ఎత్తి మళ్ళీ పెట్టావు. మళ్ళీ జారింది. ఏడుసార్లు లెక్కపెట్టాను, ఆ తర్వాత నావల్ల కాలేదు. నువ్వు స్టీరింగు మీద తల పెట్టుకుని ఎంతసేపు ఉన్నావో నీకూ తెలిసుండదు. పరిగెత్తుకొచ్చి నిన్ను పట్టుకోవాలనిపించింది. వస్తే నేను చూశానని నీకు తెలుస్తుంది. అందుకని రాలేదు. మంచం మీద పడుకుని కళ్ళు మూసుకున్నాను.

లోపలికొచ్చి, "బ్యాటరీ దిగిపోయినట్టుందే, అందుకోవడం లేదు" అన్నావు.

"అవునా? రేపు ఛార్జింగుకి ఇస్తాలే" అన్నాను.

ఆ పొద్దున నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడే నేను బండి స్టార్టు చేసి పది నిమిషాలు ఉంచాను. ఒక్క తిప్పుకే అందుకుంది.

నువ్వు వెళ్ళిన రెండో వారం బండి అమ్మేశాను.

రాసేశాను. ఇప్పుడు తిట్టుకో. మొండివాడివి నువ్వు. బండి కళ్ళెదురుగా ఉంటే, ఈ రోజు కాకపోతే రేపు, ఎవరూ చూడనప్పుడు తీస్తావు. తీసి తిన్నగా ఆ కొండ మలుపులకే పోతావు. నాకు బండి లేని మొగుడు కావాలి గానీ, మొగుడు లేని బండి వద్దు. డబ్బు కోసం కాదు. నిన్ను అడక్కుండా అమ్మింది మాత్రం తప్పే. అడిగితే వద్దంటావని తెలిసే అడగలేదు.

ఎవరికి అమ్మానో విను, కాస్త మనసు కుదుటపడుతుంది. ముందు స్పానర్ మామని పిలిచాను, నీకంటే దాని ఒంటి సంగతి తెలిసినవాడు ఆ మెకానిక్ ఒక్కడే కదా. మీటరు చూసి మామ తల గోక్కున్నాడు. "నాలుగు లక్షల పద్దెనిమిది వేల చిల్లర. ఇది చూస్తే ఎవడూ దగ్గరికి రాడమ్మాయ్. అరగంట నాకొదిలెయ్, లక్షన్నరకి తిప్పేస్తాను. అందరూ చేసేదే" అన్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "మా ఆయన పందొమ్మిదేళ్ళు కూర్చుని తిరిగిన కిలోమీటర్లు మామా అవి. ఒక్కటి తగ్గించావంటే నీ స్పానర్లన్నీ పట్టుకెళ్ళి బావిలో పడేస్తా" అన్నాను. పాపం, నోరు మూసుకుని టీ తాగాడు.

కొన్నది పశువుల డాక్టరమ్మ. కొండ మీది ఊళ్ళకి ఆమెకి డ్యూటీ పడింది. మనిషి చూడ్డానికి గుప్పెడంత ఉంటుంది, చీర కొంగు దోపి బండి కిందకి దూరిపోయింది. బురదతో బయటికొచ్చి, "మీటరు నిజమేనా?" అంది. నిజమే అని నీలం పుస్తకం చేతిలో పెట్టాను. పేజీలు తిప్పుతూ తిప్పుతూ, "ఇంత ఓపిగ్గా రాసిన మనిషి బండిని ఎలా చూసుకుని ఉంటాడో వేరే చూడక్కర్లేదు" అని బేరమే ఆడలేదు. పుస్తకం మాత్రం నేను ఇవ్వలేదు. తాళం ఆమె చేతిలో పెట్టాను. బండి మలుపు తిరిగాక కూడా ఆ చప్పుడు విన్నాను. బుజ్జి నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

అసలు సిగ్గుపడే మాట ఇంకా చెప్పలేదు. మీటరు వెనక్కి తిప్పుతానన్నందుకు మామని అన్ని మాటలన్నానా? నేనేమో ముందుకి తిప్పాను. తొమ్మిది వారాలు, తొమ్మిది ఉత్తరాలు. ఆదివారం బజారుకి వెళ్ళొచ్చానని, వారానికి పదకొండు చొప్పున కలిపి పుస్తకంలోనూ, నీ ఉత్తరంలోనూ అంకె రాశాను. ఒకసారి చక్రంలో మేకు దిగిందని కూడా రాశాను, నమ్మకం కుదరాలని. నువ్వు దానికి జవాబుగా జాకీ ఎక్కడ పెట్టాలో బొమ్మ గీసి పంపావు. ఆ బొమ్మ చూసి వెక్కి వెక్కి ఏడ్చాను. షెడ్డులో బండి లేదు. అక్కడ నా కుట్టు మిషను ఉంది. నా పాదాల కింద ఇంజను నూనె మరక అలాగే ఉంది. సోడా వేసి కడుగుదామని రెండుసార్లు బకెట్టు తెచ్చుకుని, రెండుసార్లూ వెనక్కి పట్టుకెళ్ళాను.

నిన్న బుజ్జి సైకిలు బాగుచేయించడానికి మామ షాపుకి వెళ్ళాను. మన బండి అక్కడ ఉంది. తలుపు పిడుల దాకా బురద. వెనక సీట్లో తాళ్ళూ, మందుల పెట్టె, జ్వరంతో మూలుగుతున్న ఒక గొర్రె. డాక్టరమ్మ నన్ను చూడగానే, "రెండో గేరు పడనంటోందమ్మా, మీ ఆయన ఎలా వేసేవారు?" అంది. ముందు మూడుకి తట్టి, అప్పుడు రెండులోకి లాగాలి అని చెప్పాను. నువ్వు నాకు నేర్పినట్టే. వేసి చూసింది, వెన్నలా పడింది. మీ ఆయనకి నా దణ్ణాలు చెప్పండి అంది.

అప్పుడు తొంగి చూశాను. నాలుగు లక్షల ఇరవై మూడు వేల రెండు వందల అయిదు. ఇది నిజం అంకె. ఇంటికొచ్చి పుస్తకంలో నేను రాసిన తొమ్మిది అబద్ధాలూ కొట్టేసి, దాని కింద ఇది రాశాను. ఆ తర్వాత గీత గీశాను. మన లెక్క అక్కడికి అయిపోయింది.

ఇప్పుడు నీ వంతు. వరండా ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తున్నానని నాలుగు ఉత్తరాల నుంచీ రాస్తున్నావు. నీ నర్సమ్మ సోమవారం నాకు ఫోన్ చేసింది. నీతో పోట్లాడింది ఎందుకో కూడా చెప్పింది. నువ్వు మంచమే దిగనంటున్నావట. కోపం రాలేదు బావా, అదే బ్యాటరీ కదా. నేను పదకొండు కలిపాను, నువ్వు వరండా కలిపావు.

ఇక మీటరు ఎంత అని నన్ను అడక్కు. నేనే అడుగుతాను నిన్ను, ప్రతి శనివారం. ఎన్ని అడుగులు వేశావో రాయి. గీత కింద పేజీ అంతా ఖాళీగానే ఉంది. నాకోసమని ఒక్క అడుగు కూడా కలపకు. సున్నా అయితే సున్నా అనే రాయి, అదే రాసుకుంటాను.

బుజ్జి ముద్దులు పంపింది.

ఇట్లు,
నీ మరదలు పిల్ల