గరిటెకు కట్టిన తాళంచెవి

ఆగస్టు 5, మంగళవారం

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దగ్గరి కిడ్నీ సెంటర్‌లో నిన్న ఉదయం డయాలసిస్ అయిదు గంటలు ఆగింది. లోపల ఎనిమిది మెషీన్లు ఖాళీ. బయట పదకొండు మంది పేషెంట్లు. ఒకాయనకు ఆయాసం ఎక్కువై ఆక్సిజన్ పెట్టారు.

సెంటర్ నడిపే కంపెనీ ప్రెస్ నోట్ పంపింది. కౌంటర్ ఆపరేటర్ సుమయ్య నిర్లక్ష్యంగా సర్వర్ ఆపేసిందట. సస్పెండ్ చేశారట. నాలుగు పేరాలు కొట్టి పంపాను. 'నిర్లక్ష్యంగా' తీసేశాను, అలాంటి మాటలు నాకు పడవు. పేరు ఉంచాను.

ఆగస్టు 6, ఉదయం 7

వార్త వచ్చింది. హెడింగ్: 'ఆపరేటర్ నిర్వాకం'. నేను ఒక మాట తీస్తే డెస్క్ ఇంకోటి అతికించింది. జగదీశ్వర్ ఇరవై ఏళ్లుగా డెస్క్ ఇన్‌ఛార్జి. ఆయన నిఘంటువులో పది మాటలే ఉంటాయి.

ఆగస్టు 8, శుక్రవారం

దుర్గయ్య ఫోన్ చేశాడు. ఆక్సిజన్ పెట్టింది ఆయనకే. కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పనిచేసి రిటైరయ్యాడట. వార్తలో తన పేరు లేదని అడగడానికి అనుకున్నాను. సాధారణంగా అందుకే చేస్తారు.

అందుకు కాదు.

"ఆ బిడ్డ కంప్యూటర్ బంద్ జేసినంకనే నాకు మిషన్ దొరికింది సార్. నువ్వేమో బంద్ జేసిందని రాసినవ్. ముందుగాల ఏమైంది, ఎనుక ఏమైంది సూడవా?"

చూడలేదు. నోట్‌లో ఆగిన టైం ఉంది. ఆపిన టైం లేదు. కొత్తగా చేరిన కుర్రాడు ఇలాంటిది తెస్తే కాపీ మొహాన కొట్టేవాడిని.

ఆగస్టు 9, శనివారం

ఫలక్‌నుమాలో సుమయ్య ఇల్లు వెతికి పట్టుకున్నాను. తల్లి ఇక్బాలున్నీసా తలుపు సగమే తెరిచింది. సుమయ్య కూర్చోమనలేదు. ఆమె కాంట్రాక్ట్ ఉద్యోగి. ఈ నెల ఇరవైన విచారణ. తప్పు రుజువైతే తీసేస్తారు, ఇంకే ఆస్పత్రిలోనూ తీసుకోరు.

"మీరు రాసింది మా గల్లీల అందరు చదివిన్రు సార్. రాసేముందు ఒక్క ఫోన్ జేసిన్రా నాకు?"

నోట్‌బుక్ తెరిచాను. అలవాటు.

ఆమె దగ్గర కాగితం ఉంది. టోకెన్ రోల్ వెనక పెన్నుతో రాసుకున్న టైములు. 7.10కి ప్రింటర్ ఇరుక్కుంది. కౌంటర్ ప్రోగ్రాం బిగుసుకుంటే విండో మూసి మళ్లీ తెరిచింది. కదల్లేదు. వార్డులో మెషీన్ కేటాయించే ప్రోగ్రాం కూడా ఆగిపోయింది. స్లిప్ లేకుండా పేషెంట్‌ను మెషీన్ మీదికి ఎక్కించొద్దని నర్సులకు సర్క్యులర్. కంపెనీకి పదకొండు ఫోన్లు, పదకొండు టైములు. 12.05కి స్విచ్‌బోర్డు పెట్టె తాళం పగలగొట్టి సర్వర్ ఆపి, ఆన్ చేసింది. నాలుగు నిమిషాల్లో అంతా నడిచింది.

ఇది అక్కడ అందరికీ తెలిసిన వైద్యమేనట. ఆమెకు ముందున్న ఆపరేటర్ నేర్పి వెళ్లాడు: ఇరుక్కుంటే బంద్ చెయ్, మళ్ల చాలూ చెయ్. జూలైలో కంపెనీ కొత్త యూపీఎస్ పెట్టి, సర్వర్ ఎప్పుడూ ఆగకూడదని స్విచ్‌కు తాళం వేసింది. రోగాన్ని వదిలేసి మందుకు తాళం వేశారు.

ఆగస్టు 12, మంగళవారం

కంపెనీ ఇంజనీర్ నిఖిలేష్ సెంటర్ ఎదుటి హోటల్‌లో కలిశాడు. మెడలో ఐడీ కార్డు, నోట్లో ఇంగ్లిష్. సెమఫోర్ అన్నాడు. రెండు ప్రోగ్రాంలు ఒకే పేషెంట్ల లిస్టును ఒకేసారి దిద్దకుండా కాపలా కాసే ఒక అంకె. ఒకటి ఉంటే రావచ్చు, సున్నా ఉంటే ఆగాలి. లోపలికి పోయేవాడు సున్నా చేస్తాడు, బయటికి వచ్చేటప్పుడు మళ్లీ ఒకటి చేస్తాడు. చాలా ఎలిగెంట్ అన్నాడు.

గల్లా పక్కన మేకుకు బాత్రూం తాళంచెవి వేలాడుతోంది. జేబులో వేసుకుని పోకుండా దాన్ని పెద్ద గరిటెకు కట్టారు. అదేనా అని చూపించాను. అదే సార్ అని సంతోషపడ్డాడు.

తాళంచెవి తీసుకున్నవాడు లోపలే చచ్చిపోతే?

టీ తాగాడు. అట్ల జనరల్‌గా కాదన్నాడు. 7.10కి అయింది కదా అన్నాను. కౌంటర్ ప్రోగ్రాం లిస్టు పట్టుకుని ఉండగా విండో మూశారు. ప్రోగ్రాం పోయింది, సున్నా మిగిలింది. మళ్లీ తెరిస్తే? కొత్త సెమఫోర్ పుట్టదట. ప్రతి సెమఫోర్‌కు ఒక నంబర్ ఉంటుంది, ఆ నంబర్‌తో పాతది ఉంటే దాన్నే తెరుస్తుంది. అందులో సున్నా. తాను వదలని తాళం కోసం తానే లైన్‌లో నిలబడుతుంది. సర్వర్ ఆపితే తప్ప ఆ సున్నా చెరగదు, లేదా ఒక కమాండ్ కొట్టాలి. ఆ కమాండ్ ఆపరేటర్లకు చెప్పారా అని అడిగాను. అది వాళ్ల లెవెల్ కాదన్నాడు.

పట్టుకున్న ప్రోగ్రాం చస్తే సిస్టమే తాళం వెనక్కి తీసుకునే ఏర్పాటు లేదా? ఉందట. ప్రోగ్రాంలో తాళం అడిగే చోట ఒక్క మాట అదనంగా రాయాలి. రాయలేదు. ఎందుకు?

"టెస్టింగ్‌ల ఎవరు చావలే సార్."

నోట్ చేసుకున్నాను. యథాతథంగా.

ఆగస్టు 13

సవరణ రాసిచ్చాను. బ్యూరో చీఫ్ వైకుంఠం చదివి, వార్త బాగుందన్నాడు. ముందు డెస్క్ ఓకే అంటే తాను సంతకం పెడతాడట. జగదీశ్వర్ ముందు బ్యూరో సంతకం కావాలన్నాడు.

ఆగస్టు 14

వైకుంఠం జగదీశ్వర్ కోసం ఆగాడు. జగదీశ్వర్ వైకుంఠం కోసం ఆగాడు. ఇద్దరూ క్యాంటీన్‌లో ఒకే టేబుల్ దగ్గర ఉప్మా తిన్నారు.

ఆగస్టు 18, సోమవారం

ఇంకా ఆగే ఉన్నారు. వీళ్లకు సర్వర్ కూడా లేదు ఆపడానికి.

విచారణ ఎల్లుండి. కంపెనీ తన ఫైలుకు జత చేసిన ఆధారాల్లో మొదటిది నా వార్త కటింగేనని సుమయ్య ఫోన్‌లో చెప్పింది. వాళ్లు నాకు నోట్ ఇచ్చారు, నేను అచ్చు వేశాను, ఇప్పుడు నా అచ్చే వాళ్లకు సాక్ష్యం. ఇన్ని రోజులుగా నేను అందరినీ తిడుతున్నాను. ఈ వరసలో తాళంచెవి నా జేబులో ఉంది.

ఆగస్టు 20, బుధవారం

విచారణ అధికారికి సంతకం చేసిన కాగితం ఇచ్చాను. ఈ వార్త ప్రెస్ నోట్ చూసి రాసినది. ఆమెను అడగలేదు. సర్వర్ ఆపిన టైం కనుక్కోలేదు. ఆగింది 7.10కి, ఆపింది 12.05కి. తప్పు నాది. విశేషణాలు లేవు.

సర్వర్ లాగ్ తెప్పించారు. సుమయ్య టోకెన్ కాగితం పక్కన పెట్టి చూశారు. రెండు నిమిషాల తేడా. ఆమె చూసిన గోడ గడియారమే స్లో అట.

దుర్గయ్య గేటు బయట ఆటోలో కూర్చున్నాడు. సాక్ష్యానికి పిలవలేదు, తానే వచ్చాడు.

ఆగస్టు 22

ఆఫీసు అనుమతి లేకుండా కాగితం ఇచ్చినందుకు మెమో. ఓల్డ్ సిటీ వార్తలు రాసే బీట్ నా నుంచి తీసేశారు. దీని మీద మాత్రం వైకుంఠం, జగదీశ్వర్ ఒకే పూటలో సంతకాలు పెట్టారు.

ఆగస్టు 28, గురువారం

దుర్గయ్యను చూడటానికి సెంటర్‌కు వెళ్లాను. కౌంటర్‌లో మళ్లీ సుమయ్య. విజిటర్ స్లిప్ అడిగాను. ఎప్పుడూ చూడని మనిషిని అడిగినట్టు నా పేరు అడిగింది. చెప్పాను. టైప్ చేసి, స్క్రీన్ మీదున్నది చదివి వినిపించింది.

"కరెక్టేనా సార్?"

అవునన్నాక ఎంటర్ కొట్టింది.