పై అంతస్తు గాలి, కింది అంతస్తు నిప్పు

పైన చల్లగా పడుకున్న చెల్లెలికి,

కింద ఉడికిపోతున్న నీ తోడికోడలు రాస్తున్నది. రొట్టెల బుట్టలో కాగితం చూసి ఉలిక్కిపడకు, విషమేమీ పూయలేదు. ఫోనులోంచి నీ నంబరు తీసిపారేశాను. ఎదురుగా నిలబడి మాట్లాడితే చెయ్యి లేస్తుందేమోనని భయం. ఇక మిగిలింది ఈ బుట్టే. నువ్వు కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ పొద్దున్నే తాడు లాగితే వేడి రొట్టె నీ కిటికీలోకి వస్తోంది కదా, ఇవాళ రొట్టెతోపాటు దీన్ని కూడా నములు.

మామయ్యను ఈ వారంలో ఆసుపత్రినుంచి పంపించేస్తారట. ఇంకోసారి వడదెబ్బ తగిలితే మనిషి దక్కడని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. "ఇంట్లో చల్లటి చోటు ఉందా అమ్మా?" అని ఆవిడ అడిగితే మందుల చీటీ పుచ్చుకుని బయటికి వచ్చేశాను. నీ దయవల్ల ఇక్కడ కింద అలాంటి చోటు అరచేతి వెడల్పు కూడా లేదు. నీ మూడు ఏసీల పెట్టెలు పగలూ రాత్రీ మా పెరట్లోకే వేడి ఊదుతున్నాయి. అమ్మే రొట్టెలకని బట్ట కప్పి పెట్టిన పిండి ఒకప్పుడు నింపాదిగా పొంగేది, ఇప్పుడు నేను అటు తిరిగి ఇటు చూసేలోపే పులిసిపోయి పళ్ళెం దాటుతోంది. పిండికి తెలిసిన వేడి నీకు తెలియదా? పైగా నువ్వు చేసేది నగరంలో వేడి తగ్గించే ఆఫీసులో ఉద్యోగం! వీధి మీటింగులో మైకు పట్టుకుని నువ్వు చెప్పినదంతా నేను అప్పజెప్పగలను. బొగ్గూ పెట్రోలూ కాల్చి కాల్చి భూమికి దుప్పటి కప్పేశాం, దాని కింద అందరం ఉడుకుతున్నాం అన్నావు. సిగ్గు లేక నేను కూడా చప్పట్లు కొట్టాను. నీ ఏసీలకు కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోంది తల్లీ, చందమామలోంచా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు.

మామయ్య పడిపోయిన రోజు నేను మరిచిపోలేను. పెరట్లో కుర్చీలోనే తల వాల్చేసిన మనిషిని నేనూ మీ బావగారూ పొదివిపట్టుకుని నీళ్ళు చల్లుతుంటే, నువ్వు మెట్లు దిగుతూనే వీధంతా వినేలా ఏమన్నావు? "ముసలాయన్ని తీసుకెళ్ళి రొట్టెల బట్టీ పక్కన కూర్చోబెట్టారు, చంపుదామనా?" అన్నావు. ఆయన్ని నేను కూర్చోబెట్టానా? పెరట్లో బాదం చెట్టు కొట్టించేశాక కూడా ఆ కుర్చీని అక్కణ్ణుంచి జరపనివ్వలేదు ఆయన. లోపలికి రండి మామయ్యా అంటే ఉలకరు, పలకరు. గొడుగు కడితే పీకి పారేశారు.

కాబట్టి విను. మామయ్య నా దగ్గరికే వస్తారు. ఆయన వచ్చేలోపు ఆ మూడు పెట్టెలూ ఆగాలి. ఆగకపోతే ఈ బుట్ట తాడు కోసేసి, మెట్లకు అడ్డంగా గోడ కట్టిస్తాను. అప్పుడు నీ ఇల్లు నీదీ, నా ఇల్లు నాదీ.

ఇట్లు,
కింది అంతస్తు


కింద నిప్పులు చెరుగుతున్న అక్కగారికి,

మీ ఉత్తరం అందింది. రొట్టె కూడా మీ మాటల్లాగే మాడింది.

మీటింగులో నేను చెప్పిన ప్రతి మాటా నిజమే. ఊరందరికీ చెప్పగలిగి మన ఇంట్లో చెప్పలేకపోవడం నా ఖర్మ. వీధులకు వీధులే పైకప్పులకు తెల్ల సున్నం కొట్టించాను. మన పైకప్పు మాత్రం ఇంకా నల్ల పెనంలా ఉంది. ఎందుకని? "సున్నం కొడితే నా కట్టెలు ఎక్కడ పేర్చుకోను?" అన్నారు మీరు. కరెంటు బట్టీకి ఆఫీసు సాయం చేస్తుందని మీకు చెబితే, "ఆ ఇస్త్రీపెట్టెలో రొట్టె కాలుతుందా?" అని పనివాళ్ళ ముందు నవ్వారు. మీ కట్టెల బట్టీ సరిగ్గా మా పడకగది కింద ఉందండీ. మీరు మంట వేసిన కాసేపటికి గచ్చు మీద పాదం ఆనదు. మీ మరిది మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకున్నారు. నా కూతురు చెప్పులు వేసుకునే మంచమెక్కుతుంది. కిటికీ తెరుద్దామంటే మీ పొగగొట్టం మసి నేరుగా లోపలికి వస్తుంది. పైనుంచి ఎండ, కిందినుంచి మీరు. నేనేమైనా రొట్టెనా అక్కా, రెండువైపులా కాల్చడానికి? నేను మొదటి ఏసీ పెట్టాక మీరు బట్టీని రెండింతలు పెంచారు. ఆ తరువాతవి నేను సరదాకి పెట్టుకోలేదు. గురివింద గింజకు తన నలుపు తెలియదట.

ఆ రోజు నేనన్న మాట గురించి రాశారు. వెనక్కి తీసుకోను. భయపడిన మనిషి చేతికి ఏది దొరికితే అది విసురుతుంది. మీకు తెలియనిది ఒకటి చెబుతాను. నగరంలో వడదెబ్బ తగిలిన ముసలివాళ్ళ వివరాలన్నీ మా బల్లల మీదికే వస్తాయి. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ఎలా జాగ్రత్తపడాలో చెప్పి రావడం నా పని. ఆయన పడిపోయిన మర్నాడు వచ్చిన వాటిలో మన ఇంటి చిరునామా ఉంది. పక్క బల్ల ఆవిడ అది చదివి, తలెత్తి నా వైపు చూసింది. ఆ కాగితాన్ని నా బల్ల మీదికి జరిపింది.

మామయ్య పైకే వస్తారు. ఇక్కడైనా ఒక గది చల్లగా ఉంది. మీరు బట్టీ ఆర్పండి, నేను ఏసీలు ఆపుతాను. ముందు మీరు.

ఇట్లు,
పై అంతస్తు


పైవాళ్ళకు,

ముందు నువ్వు.

కింది అంతస్తు


కిందివాళ్ళకు,

ముందు మీరు. రొట్టె కూడా పంపనక్కర్లేదు.

పై అంతస్తు


నా ఇద్దరు కోడళ్ళకూ,

ఇద్దరికీ కలిపి ఒకే కాగితం రాస్తున్నాను, చించుకోకుండా చదవండి. మన రొట్టెలు ఇంటింటికీ వేసే సైకిలతను ఇటు వస్తే అతని చేతికి ఇస్తున్నాను. ఆసుపత్రినుంచి నా అంతట నేనే వచ్చేశాను. ఇంటికి కాదు. మూతపడ్డ సినిమా హాలును ఎండదెబ్బ తగలకుండా జనం తలదాచుకోవడానికి నగరంవాళ్ళు తెరిచారు చూడండి, అక్కడున్నాను. చిన్నకోడలి ఆఫీసు చేసిన పనే ఇది, బాగా చేశారు. పైకప్పు తెల్లగా ఉంది, కిటికీలకు తడి చాపలు కట్టారు, చుట్టూ చెట్లున్నాయి. నాలాంటి ముసలివాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకూ ఇళ్ళున్నాయట.

నా కొడుకులిద్దరూ వచ్చి మీ ఉత్తరాలు చదివి వినిపించారు. వాళ్ళకు నోరు లేకపోయినా కళ్ళు పనిచేస్తాయి. నన్ను ఏ అంతస్తులో ఉంచాలని మీ పోట్లాట. ఒకరిది పెనం, ఒకరిది పొయ్యి. బతుకంతా ఇంజను పక్కన కూర్చుని బస్సు నడిపినవాణ్ణి, వేడి సంగతీ పొగ సంగతీ నాకు చెప్పకండి. నేను పడిపోయింది బట్టీ వల్లనా, ఏసీల వల్లనా అని మీరు తేల్చుకోలేకపోతున్నారు. నేను తేలుస్తాను.

బాదం చెట్టు పెద్దకోడలి పొగగొట్టానికి అడ్డం. చిన్నకోడలి పెట్టెలు బిగించే గోడకు అడ్డం. ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి మీరిద్దరూ ఒక్క మాట మీదికి వచ్చింది ఆ ఒక్కసారే. ఒకరు కొట్టేవాణ్ణి పిలిచారు, ఒకరు రంపం తెప్పించారు. చెట్టు పడ్డాక ఇద్దరూ మెట్ల మీద కూర్చుని నవ్వుకుంటూ కాఫీ తాగారు. నేను చూస్తూనే ఉన్నాను. నన్ను ఒక్క మాట అడగలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. అందుకే ఆ నీడ ఎక్కడ పడేదో అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను, మీ ఇద్దరి కళ్ళముందూ. ఎప్పటికైనా ఒకరికి బుద్ధి వస్తుందని చూశాను. గొడుగు కట్టారు.

ఇప్పుడు ఒక మొక్క తెచ్చి నాటి, రండి మామయ్యా అని పిలవకండి. మొక్క నీడలో కూర్చోవడానికి నేను చీమను కాను. నాటండి, అది మనవరాలికి. నాకు కావలసింది ఈ ఎండాకాలం బతకడానికి ఒక గది. బట్టీ వీధివైపు షెడ్డులోకి పోవాలి. పెట్టెలు పెరట్లోంచి పోవాలి. పైకప్పు తెల్లబడాలి. చెట్టు కొట్టడానికి కలిసినవాళ్ళు దీనికీ కలవండి. ఇద్దరూ కలిసి వచ్చి పిలిస్తే వస్తాను. ఒక్కరే వస్తే గుమ్మంలోంచే వెనక్కి పంపిస్తాను.

మీ మామయ్య


చెల్లెలికి,

ఇవాళ బట్టీ వెలిగించలేదు, అందుకే బుట్టలో రొట్టె లేదు. నీ పెట్టెలు కూడా ఆగినట్టున్నాయి. పొద్దున పెరట్లోకి వెళితే పక్కింటివాళ్ళ మాటలు వినబడ్డాయి, ఎన్నాళ్ళయిందో. ముందు ఎవరు ఆపారో నేను అడగను, నువ్వూ చెప్పకు.

నీ మీద కోపం రవ్వంత కూడా తగ్గలేదు. వీధిలో నువ్వన్న ఆ మాట చచ్చేదాకా మరిచిపోను. మామయ్య కుర్చీ మాత్రం అలాగే ఉంది. నేనిందాక కాసేపు అందులో కూర్చున్నాను. కూర్చోలేక లేచి వచ్చేశాను.

మీ బావగారు పైకప్పు మీది కట్టెలన్నీ దించేశారు. సున్నం కలిపి పెట్టాను, బకెట్టు ఈ బుట్టలో పంపుతాను, పైకి లాగు. నాకు మోకాళ్ళు సహకరించవు కాబట్టి నిచ్చెన నువ్వే ఎక్కాలి. నేను కింద పట్టుకుంటాను. వదిలేద్దామని పదిసార్లు అనిపిస్తుంది. వదలను.

పని అయ్యాక ఇద్దరం కలిసి హాలుకు వెళదాం. దారిలో మాట్లాడుకోవలసిన పనేమీ లేదు.

కింది అంతస్తు