ముట్టుకోకూడని పెట్టె

హాఫుంగ రాజభవనం,
మార్చి 3.

ప్రియమైన సెమీసీ,

నీ మోకాలు ఎలా ఉంది? నాకు ఎడమది, నీకు కుడిది. ఇద్దర్నీ కలిపి కుడితే ఒక పూర్తి మనిషి తయారవుతాడని మొన్న మా డాక్టరుతో అన్నాను. ఆయన నవ్వలేదు, వంగి దణ్ణం పెట్టాడు. ఈ ఇంట్లో నా హాస్యానికి పట్టిన గతి ఇదీ.

అసలు సంగతికొస్తాను. నేను పెత్తనం వదులుకుంటున్నాను. కిరీటం కాదు, పెత్తనం. కొత్త చట్టం రాయించాను. న్యాయస్థానాలు, సముద్రపు హద్దు, బయటి దేశాలతో మాటామంతీ, ఈ మూడే రాజధానివి. వాటినీ మీరు ఎన్నుకున్నవాళ్ళే చూస్తారు. బడి, బావి, తోట, చేపల వేట ఏ దీవివి ఆ దీవే చూసుకుంటుంది. రాజు నచ్చకపోతే ఓటు వేసి ఇంటికి పంపెయ్యచ్చు.

ప్రభుత్వమంటే నా దృష్టిలో పగడపు దిబ్బల మధ్య దారి చూపించేవాడు, అంతే. పడవ దిబ్బకి కొట్టుకోకుండా దాటించాలి. పడవలో వాళ్ళు ఏం వండుకుంటున్నారో వాడికెందుకు?

తొమ్మిది దీవులూ విడివిడిగా ఒప్పుకోవాలి. ఒక్కటి వద్దన్నా చట్టం ఆగిపోతుంది. ఎవరి ఓటు కాగితం వాళ్ళు రహస్యంగా రాయాలి. రాజు జనం ముందు నోరు విప్పకూడదన్నది మన ఆచారం, నా మాట నా తరపున మాట్లాడే 'వాక్కు' నోటినుంచే రావాలి. వైమోతులో పదకొండు తరాలుగా ఆ వాక్కు మీ ఇంటివాళ్ళే. నా ప్రసంగం జతచేశాను. ఉన్నదున్నట్టు చదువు.

నన్ను "ఒరేయ్" అనే ప్రాణి భూమ్మీద నువ్వొక్కడివే. జవాబులో మర్చిపోకు.

నీతో కలిసి పాస్టరుగారి సీమపనసకాయలు దొంగిలించిన,
కీలో.


వైమోతు,
మార్చి 24.

ప్రియమైన కీలో,

ఒరేయ్. అన్నాను. తృప్తేనా?

నీ ఉత్తరం అందింది, ప్రసంగం అందలేదు. సముద్రంలో పడిపోయింది. మా పడవ సరంగు పోలోసి సంగతి నీకు తెలుసుగా. ఎడమచేత్తో చుక్కాని, కుడిచేత్తో గాలం. ఈసారి పెద్ద చేప పడిందట, ఆ లాగులాటలో సంచీ నీళ్ళపాలైంది. చేప ఎంతుందిరా అంటే చేతులు చాపి చూపించాడు. ఆ చేతుల మధ్య మా చర్చి పడుతుంది. ఆ మాటకొస్తే వాళ్ళ తాత కూడా అంతే, తిమింగలాన్ని చూసి చిన్నదని వదిలేశానని చనిపోయేదాకా చెప్పాడు. ఏదో చెప్పబోయి ఎటో పోయాను.

ఊరికే అడుగుతున్నాను. రాజుకి పెత్తనం పోతే రాజుగారి వాక్కు ఏమవుతాడు? విందులో పంది వీపు ముక్క పదకొండు తరాలుగా మా విస్తట్లోనే పడుతోంది. ఇది మెలెయానె అడగమంది, నేను కాదు. భార్యల సంగతి నీకు తెలిసిందే.

ఫోన్ చెయ్యకు. పోస్టాఫీసులో ఉన్న ఒక్క ఫోనూ ఊరందరిదీ. నీకు నేను వంగి వంగి మాట్లాడుతుంటే చూడ్డానికి జనం చాపలు తెచ్చుకుని మరీ కూర్చుంటారు.

నీ వాక్కు (ప్రస్తుతానికి),
సెమీసి.


హాఫుంగ రాజభవనం,
ఏప్రిల్ 7.

ప్రియమైన సెమీసీ,

ప్రసంగం ఇంకో ప్రతి పంపుతున్నాను. ఈసారి బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత అతికించాను, సముద్రంలో పడినా తేలుతుంది. సాకులు కూడా తేలతాయి సుమా.

మెలెయానె ప్రశ్నకి జవాబు. వాక్కు ఉంటాడు, పెళ్ళిళ్ళలో మంచిమాటలు చెప్తాడు. వీపు ముక్క ఊరు పెడితే తింటాడు, పెట్టకపోతే లేదు. నీకు అబద్ధం చెప్పలేను.

నువ్వు రాయలేదు గానీ నీ మనసులో మాట నాకు వినిపిస్తోంది. "మంచి రాజువి, నీకెందుకీ పిచ్చి?" అని. నేను మంచివాణ్ణే అనుకో. ఎన్నాళ్ళుంటాను? నా గుండె సంగతి చెప్పేటప్పుడు డాక్టరు నా మొహం చూడ్డం మానేసి ఇంటికప్పు చూస్తున్నాడు. నా తరవాత మా మేనల్లుడు హేనెలి. కిందటి నెల ఏం చేశాడో తెలుసా? తన మోటారు సైకిలు మోత తనకే సరిగ్గా వినిపించడం లేదని, రేవు దారిలో పసిపిల్లలు ఏడవకూడదన్నాడు. వాడి తెలివితక్కువతనానికి నాకు బాధ లేదు. తల్లులంతా పిల్లల్నెత్తుకుని మాట్లాడకుండా వేరే దారి పట్టారు చూడు, అది నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఒక్కరూ "పోవోయ్" అనలేదు.

వచ్చేవాడు మంచివాడా అని కాదు అడగాల్సింది. చెడ్డవాడొస్తే వాణ్ణి ఆపే వీలుందా అని. నేను బతికుండగానే ఆ వీలు కల్పించాలి. నేను పోయాక హేనెలి కల్పించడు.

చదవరా బాబూ.

కీలో.


వైమోతు,
ఏప్రిల్ 29.

ప్రియమైన కీలో,

ఒరేయ్, చదివాను. ఒక్క ముక్క మింగలేదు.

కావా కషాయం గిన్నె చుట్టూ అందరూ మర్యాదకి నడుముకి చాపలు చుట్టుకుని కూర్చున్నారు. "నా మాట వినక్కర్లేదు, మీ మాట మీరు చెప్పండి" అన్న చోట గొంతు పెంచి మరీ చదివాను. అయిపోగానే అందరూ చప్పట్లు కొట్టి శభాష్ అన్నట్టు "మాలో, మాలో" అన్నారు. నువ్వు వాతావరణం గురించి రాసినా అంతే అనేవాళ్ళనుకో.

చాపలల్లే అకానేసి మాత్రం చెయ్యెత్తింది. 

"సెమీసి మామా, రాజుగారు మమ్మల్ని సొంతంగా ఆలోచించుకోమన్నారు కదా?"

"అవునమ్మా."

"సరే. ఏం ఆలోచించుకోమన్నారు?"

"అది చెప్పలేదే. నువ్వే ఆలోచించుకోవాలి."

"అదే మామా. నేనే ఏం ఆలోచించుకోవాలని ఆయన ఉద్దేశం?"

నేను కావా తాగాను. ఇలాంటప్పుడు వాక్కుకి అదొక్కటే ఆధారం. 

ఇంతలో పోలోసి కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. "మేమేం తప్పు చేశాం? ఇన్నాళ్ళూ చూసుకుని ఇప్పుడు మమ్మల్ని వదిలేస్తానంటారేంటి? ఎవరైనా మా మీద చాడీలు చెప్పారా?"

దాంతో ఆడవాళ్ళంతా ఏడుపందుకున్నారు. నీకు కోపం వచ్చిందని ఊరంతా తీర్మానించేసింది. క్షమించమని అడగడానికి మట్టిపొయ్యిలో వండిన పంది ఒకటి ఈ పడవలోనే వస్తోంది. తోలు తినకు, నీ గుండెకి పడదు.

నేను ప్రయత్నించాను. నిజంగా.

సెమీసి.


హాఫుంగ రాజభవనం,
మే 10.

ప్రియమైన సెమీసీ,

పంది చాలా బాగుంది. తోలు కూడా.

ఎనిమిది దీవుల ఓట్లు వచ్చాయి. అన్నీ "కావాలి" అనే. రెండు వేల పైచిలుకు మందిలో ఒక్కరంటే ఒక్కరు "వద్దు" అనలేదు. మంత్రులు సంబరాలు చేసుకుంటున్నారు. నాకు అన్నం దిగడం లేదు. అంతమందిదీ ఒకే అభిప్రాయమైతే అది అభిప్రాయమేనా?

ఇక మీ దీవి ఒక్కటే మిగిలింది. ఓట్ల పెట్టె ఈ పడవలోనే పంపుతున్నాను. మా కార్యదర్శి ముచ్చటపడి దానికి రాజముద్ర వేయించి, సింహాసనం మీద పరిచే నారబట్ట చుట్టాడు. వద్దనే లోపే పడవెక్కించేశాడు.

ఏమైందో వెంటనే రాయి.

కీలో.


వైమోతు,
జూన్ 16.

ప్రియమైన కీలో,

ఒరేయ్, కూర్చుని చదువు. ఆలస్యమైంది, పోలోసి తప్పేం లేదు. ముందొక మాట. మొదటి ప్రసంగం సముద్రంలో పడలేదు. నా పరుపు కింద ఉంది. 

మీ కార్యదర్శి ఘనకార్యం విను. నారబట్టలో పెట్టె దిగేసరికి రేవులో ఉన్నవాళ్ళంతా చటుక్కున నేలమీద కూర్చుండిపోయారు. దాన్ని కుర్చీలో పెట్టాం. దానికన్నా ఎత్తుగా ఎవరూ నిలబడకూడదని ఊరంతా మూడు రోజులు వంగి నడిచింది. కందగడ్డలు సమర్పించారు. నీకు పాడినట్టే పాటలు పాడారు. పోనీ అంటే, ఓటు రోజున అసలు చిక్కు వచ్చింది. రాజుగారి వస్తువు ఎవరు ముట్టుకుంటారు? వాక్కు తప్ప ఇంకెవరూ ముట్టకూడదాయె. ఒక్కొక్కరూ పాక్కుంటూ వచ్చి, మడిచిన కాగితం నా చేతిలో పెట్టి, వెనక్కి పాక్కుంటూ పోయారు.

విప్పకూడదు. విప్పాను. మొదటిది తెల్లకాగితం. రెండోదీ అంతే. మూడోదీ.

"ఇదేంటే అకానేసీ, ఏం రాయలేదేం?"

"మా నోరు నువ్వే కదా మామా. నోటికి తెలీదా ఏం మాట్లాడాలో?"

నాదీ కలిపి రెండు వందల పన్నెండు తెల్లకాగితాలు ఇంటికి పట్టుకొచ్చి బల్లమీద పోశాను. పెన్సిల్ చెక్కుకున్నాను. మొదటిదాని మీద "వద్దు" అని రాశాను, మా పదకొండు తరాలవాళ్ళని తలుచుకుని. రెండోది పోలోసి పేరున పెట్టాను. కిందటేడు నా తెడ్డు తీసుకుని తిరిగివ్వలేదు, వాడికి ఇష్టంలేనిదే రాద్దామనుకున్నాను. అయితే వాడికి ఏది ఇష్టమో నాకు తెలిస్తే కదా. ఏదో ఒకటి రాశాను. మా బావమరిదికి "కావాలి", మంచివాడు పాపం. పాస్టరుగారికి "వద్దు", ఆయన ప్రసంగాలు మరీ సాగదీస్తాడు. పదిహేడో కాగితం దగ్గర ఒకటి గమనించాను. నేను ఈల వేస్తున్నాను.

మెలెయానె గుమ్మంలోకొచ్చి చూసింది. "ఏంటి, మొహం అలా వెలిగిపోతోంది?" దగ్గరకొచ్చి కాగితాలు చూసింది. "నాదేది?"

"ఇదిగో. 'వద్దు' అని రాశాను, నీ మేలుకోరే."

"నా మేలేమిటో నన్నెప్పుడు అడిగావ్?"

"నలభై మూడేళ్ళ కాపురం, అడగాలా?"

"నలభై మూడేళ్ళుగా అడగలేదు. అది కాపురమా, నీ ప్రసంగమా?" అనేసి వెళ్ళిపోయింది. ఆ పూట నాకు భోజనం లేదు.

ఖాళీ కడుపుతో ఆలోచించాను. ముప్పై ఏళ్ళుగా నీ మాట మోశాను, ఒక్కసారి కూడా అది నాది కాదు. ఆ ఒక్క పూట దీవి మొత్తం నా పెన్సిల్ కిందకొచ్చింది. చాలా బాగుందిరా. అబద్ధం చెప్పను, చాలా బాగుంది. అందుకే భయమేసింది. నేను చెడ్డవాణ్ణి కాదు, నీకు తెలుసు. రెండు వందల మంది నోళ్ళు జేబులో పడేసరికి, పదిహేడు కాగితాల్లో నేనే హేనెలినైపోయాను. పైగా మోటారు సైకిల్ కూడా లేకుండా.

నీ ప్రసంగం రెండుసార్లు చదివినా బుర్రకెక్కనిది అప్పుడెక్కింది.

కాగితాలన్నీ మట్టిపొయ్యిలో వేశాను. పెట్టెని చర్చిలో పెట్టి తాళం వేశాను. అకానేసి దగ్గర చేపలు వేసుకునే మూతబుట్ట తీసుకుని మైదానంలో పెట్టి, జనానికి కొత్త కాగితాలిచ్చి, నేను అటు తిరిగి కూర్చున్నాను.

"మామా, మాకు వీపు చూపిస్తావేంటి? మర్యాదేనా?" అన్నాడు పోలోసి.

"నోటికి సెలవిచ్చాను. ఇవాళ మీ నోళ్ళతో మీరే కానివ్వండి."

తరవాత అకానేసి అంది, "బావి మనదైతే దానికి మూత వేయిస్తాను నేను." "ఎవరి బావికి ఎవరు మూత వేసేది?" అన్నాడు పోలోసి. ఇక చూడు! మూడు రోజులు కొట్టుకున్నారు. వదినా ఆడపడుచులకి మాటల్లేవు. పాస్టరుగారు ఆవేశంలో మొదటిసారి చిన్న ప్రసంగం చేశారు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. మెడ పట్టేసింది.

నాలుగోరోజు ఓట్లు వేశారు. కావాలి 113. వద్దు 98. ఒకరు ఏం రాయకుండా పంది బొమ్మ వేశారు, బాగానే వేశారు. బుట్ట పంపుతున్నాను, చేపల వాసన క్షమించు.

ఆచారం తప్పినందుకు నన్ను తీసేస్తే తీసెయ్.

సెమీసి.


హాఫుంగ రాజభవనం,
జూన్ 27.

ప్రియమైన సెమీసీ,

నేను నవ్విన నవ్వుకి డాక్టరు సంచీ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

తొంభై ఎనిమిది మంది! ఇన్నేళ్ళలో నాకు ఒక్కడు ఎదురు చెప్పలేదు, నీ దీవిలో ఒకేసారి తొంభై ఎనిమిది మంది. ఆ కాగితాలు బల్లమీద పరుచుకుని చూస్తున్నాను. ఎంత కోపంగా రాశారో, కొన్ని చోట్ల కాగితం చిరిగింది. ఇంత ముచ్చటైన కానుక నాకెవరూ ఇవ్వలేదు.

నీ ఉత్తరం చదివి, మిగతా ఎనిమిది దీవుల ఓట్లు మళ్ళీ తెప్పించాను. ఒక్కో దీవికి ఒక్కటే చేతిరాత. ఎనిమిది మంది వాక్కులు, ఎనిమిది పెన్సిళ్ళు. మంత్రులకి చూపించాను, వాళ్ళు ఇంటికప్పు చూశారు. ఆ ఓట్లు కొట్టేశాను. నారబట్టలు పీకించాను. ఎనిమిది దీవులకీ మామూలు చేపలబుట్టలు వెళ్తున్నాయి, వాక్కు అటు తిరిగి కూర్చోవాలని చీటీతో సహా. ఈసారి ఏదో ఒక దీవి వద్దనచ్చు. అంటే చట్టం ఆగిపోతుంది, నాకు ఇంకోసారి ప్రయత్నించే వ్యవధి ఉండకపోవచ్చు. అయినా ఇంకో దారి లేదు.

నిన్ను తీసేసే ప్రశ్నే లేదు. ఒక్కటి మాత్రం తెలుసుకోకుండా ఉండలేకపోతున్నాను. నువ్వేం రాశావురా? కావాలనా, వద్దనా? పంది బొమ్మ నీదా? రాజుగా అడగడం లేదు, కీలోగా అడుగుతున్నాను.

కీలో.


వైమోతు,
జులై 9.

ప్రియమైన కీలో,

ఒరేయ్, చెప్పను.

నీ ఉత్తరం చదివి పొద్దుట్నించి అరుగు మీద కూర్చున్నాను. చెప్దామనే కాగితం తీశాను. కింద అకానేసి, పోలోసి ఇంకా బావి గురించే అరుచుకుంటున్నారు. ఇందాక ఇద్దరూ నా దగ్గరకొచ్చి, "రాజుగారు ఏమంటారు మామా?" అన్నారు. "ఆయన్నడగను, మీరే తేల్చుకోండి" అన్నాను. ఇద్దరూ కలిసి నన్ను తిట్టి వెళ్ళారు. ఆ ఒక్క విషయంలో వాళ్ళకి ఏకాభిప్రాయం కుదిరింది.

పడవెక్కి నువ్వే వచ్చి, నా పక్కన కూర్చుని అడిగినా చెప్పను. మెలెయానెకీ చెప్పలేదు, ఆమె కూడా నాకు చెప్పలేదు. రాత్రి భోజనాల దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకుని కొత్తగా పెళ్ళైనవాళ్ళలా నవ్వుకుంటున్నాం.

అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి. నీకు తెలియనిది, నాకు మాత్రమే తెలిసినది ఒకటి నా దగ్గర ఉండటం ఇదే మొదటిసారి. ఇవ్వనురా. అడక్కు.

ఆ ఒక్క మాటకి తప్ప అన్నిటికీ నీ వాక్కు,
సెమీసి.