సీరియల్ కోడలిని చంపేశాను

మంగళవారం. గాలివాన.

సాయంత్రం కరెంటు పోయి అత్తయ్య సీరియల్ చూడలేకపోయింది. నేను తోట షెడ్డులో ఫోన్‌లో చూశాను. నాకు అందులో విలన్ వదినే ఇష్టం. పట్టుచీరలోనే పడుకుని లేచే ఆ ఏడుపుగొట్టు కోడలంటే ఒళ్ళుమంట. అత్తయ్యకు మాత్రం ఆ పిల్లంటే ప్రాణం.

వరిగడ్డిలో మగ్గబెట్టిన రసాలు ఇద్దరం తిరగేస్తుంటే, "ఇవాళ ఏమైందే?" అంది.

"ఆ కోడలు చచ్చిపోయిందండీ," అని అబద్ధం చెప్పాను.

కొంగుతో కళ్ళొత్తుకుంది. నాకెంత హాయిగా ఉందో! మూడో నెలలో నా కడుపు పోయినప్పుడు ఆ కళ్ళు తడవలేదు. "త్వరగా లేచిరా, కాయలు పాడైపోతున్నాయి," అంది, అంతే.

"పోన్లే, పిచ్చితల్లికి అత్తపోరు తప్పింది," అని ముక్కు చీదింది. ఆ వెంటనే నేను పండ్లలో వేయబోతున్న పచ్చికాయ లాక్కుని, "కళ్ళు కనపడట్లా?" అని కసిరింది.

రేపు కరెంటొస్తుంది. ఆ పిల్ల బతికే ఉందని ఈవిడ మురిసిపోతుంది. పక్కన కూర్చుని అది నేను చూడాలి.